ఆముదం దీపం నుంచి యురేనియం దాకా

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల గురించి రాసిన మన రచయితలు కరువును చూశారు, వలసను చూశారు, దొర గడీని చూశారు. గుడిసెలో వెలిగే దీపంలోని నూనె ఎక్కడిదని అడిగినవారు తక్కువ. ఇంధనం కోసం దేశం పరాధీనమైన కథ ఆ దీపం దగ్గరే మొదలవుతుంది.

ఇక్కడి చెలకల్లో ఆముదం ముఖ్యమైన పంట. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి ఇంట్లోనే నూనె తీసేవారు. ప్రమిద దానితోనే వెలిగేది. పంతొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాల్లో అమెరికా, బాకు, బర్మాల నుంచి కిరసనాయిలు దేశంలోకి దిగింది. తర్వాత బర్మా షెల్ వంటి కంపెనీలు మార్కెట్టును పట్టుకున్నాయి. నిజాం రాజ్యం కూడా ఆ మార్కెట్టుకు వెలుపల లేదు. ప్రమిద పోయి గ్యాసునూనె బుడ్డి వచ్చింది. ఆముదం పంట మాత్రం పోలేదు. యంత్రాల కందెనగా, రంగులకూ సబ్బులకూ ముడిసరుకుగా విదేశాలకు తరలింది. వెలుగునిచ్చే గింజను అమ్మి రైతు వెలుగును కొనుక్కున్నాడు. వలసపాలన ఆర్థిక వ్యవస్థ సారాంశమంతా ఇందులో ఉంది.

బావి దగ్గరా ఇదే జరిగింది. మోట లాగే ఎద్దులు తన చేని మేతే తినేవి. ఆయిల్ ఇంజను డీజిలు అడిగింది. 1973 యుద్ధం తర్వాత కొద్ది నెలల్లోనే పీపా ముడిచమురు సుమారు 3 డాలర్ల నుంచి 11 డాలర్లు దాటింది. అప్పటికి మన చమురులో దాదాపు మూడింట రెండు వంతులు దిగుమతే. 1974లో బాంబే హై బయటపడింది. 1980ల మధ్యకు దిగుమతి మూడో వంతు దాకా తగ్గింది. తర్వాత వాడకం పెరిగింది, ఉత్పత్తి పెరగలేదు. నేడు దిగుమతి 85 శాతం దాటింది.

ఈ పరాధీనత పోవాలనడంలో వివాదం లేదు. అయితే దాని మూల్యం ఎవరు చెల్లించాలి? స్వావలంబన పేరుతో యురేనియం వెతుకులాట సాగర్ జలాశయం దగ్గరి లంబాపూర్, పెద్దగట్టులకు వచ్చింది. 2003 ప్రజాభిప్రాయ సేకరణలో ప్రజలు వద్దన్నారు. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన జిల్లా అది. నీటి గురించి వారికెవరూ పాఠం చెప్పనక్కరలేదు. తర్వాత నల్లమలలోని అమ్రాబాద్ చెంచుల వంతు వచ్చింది. ఆందోళన చెలరేగాక, 2019 సెప్టెంబరులో శాసనసభ నల్లమలలో తవ్వకాలు వద్దని తీర్మానించింది.

దిగుమతి చేసుకున్ననాడు ధర చెల్లించినదీ, స్వావలంబన అన్ననాడు నేల వదలమని ఆజ్ఞ విన్నదీ ఒకే ప్రజ. దేశం అన్న మాట రాసేటప్పుడు ఆ దేశంలో ఈ ప్రజ ఉందో లేదో చూసుకోవడం రచయిత బాధ్యత.