రెండు ట్యాంకులుంటే సరిపోదు!

2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణమ్మ ఉగ్రరూపం గుర్తుంది కదా! ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. కొట్టుకొచ్చిన భారీ బోట్లు గేట్ల కౌంటర్ వెయిట్లను ఢీకొని అక్కడే ఇరుక్కుపోయాయి. వాటిని కోయడానికి విశాఖ నుంచి డైవర్లు వచ్చి నీళ్లలోకి దిగారు. మంగళగిరిలో టీవీ ముందు కూర్చున్న మావాళ్లంతా బోటు బరువెంతో లెక్కలేస్తుంటే నాకు మాత్రం ఒకటే సందేహం. ఆ బురద నీళ్లలో సొంత చెయ్యే కనిపించదు. గాలి ఆగిపోతే ఏం చేస్తారు?

అలాంటి పనులు చేసే కమర్షియల్ డైవర్లకు చాలాసార్లు పైనుంచే గొట్టంతో గాలి అందుతుంది. ఓడ శిథిలాలు, నీటి గుహల్లోకి వెళ్లే టెక్నికల్ డైవర్లు మాత్రం గాలిని వీపున మోసుకెళ్తారు. రెండు ట్యాంకులు, వాటిని కలిపే మ్యానిఫోల్డ్, రెండు రెగ్యులేటర్లు. ఇంజినీరింగ్‌లో చదువుకున్న ‘రిడండెన్సీ’ ఇదే. అయితే ఒకటి ఫెయిలైనప్పుడు రెండోది చేతికి అందితేనే అది రిడండెన్సీ. లేదంటే అదనపు బరువే!

లెక్క ఇదీ..

12 లీటర్ల ట్యాంకులు రెండింటిని 200 బార్ వరకు నింపితే దాదాపు 4,800 లీటర్ల గాలి. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 30 మీటర్ల లోతులో 80 లీటర్లు కావాలి. అంటే 60 నిమిషాలు. గుహ డైవర్లు దీన్ని మూడు భాగాలు చేస్తారు. వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి, మూడోది ఆపద కోసం. చేతిలో మిగిలేది వెళ్లడానికి 20 నిమిషాలే. రెగ్యులేటర్ తెరుచుకుపోయి గాలి బుసలు కొడుతూ పోతుంటే ఈ లెక్క నిమిషాల్లో తలకిందులవుతుంది.

రెగ్యులేటర్ ఎలాంటిది?

ట్యాంకుకు బిగించే ఫస్ట్ స్టేజ్ 200 బార్ ఒత్తిడిని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే సుమారు 10 బార్ ఎక్కువ ఉండేలా తగ్గిస్తుంది. నోట్లో ఉండే సెకండ్ స్టేజ్ దాన్ని పీల్చడానికి వీలుగా ఇస్తుంది.

* ‘బ్యాలెన్స్‌డ్’ రకం తీసుకోండి. ట్యాంకు ఖాళీ అవుతున్నా పీల్చడం కష్టం కాదు.
* బురద నీళ్లకు సీల్ చేసిన డయాఫ్రమ్ రకం నయం. ఒండ్రు లోపలికి చేరదు.
* క్లాంప్‌లా పట్టుకునే యోక్ కన్నా, మరలా బిగుసుకునే డిన్ కనెక్షన్ మేలు. దేనికైనా తగిలినా కదలదు.
* రెండూ ఒకే మోడల్ అయితే విడిభాగాలు, సర్వీసింగ్ సులువు.

ఏ గొట్టం ఎటు?

పైకప్పులాంటి చోట ముందుకు వెళ్తూ వాల్వ్ నాబ్‌లు రాసుకుంటే ఎడమది మూసుకునే వైపు తిరుగుతుంది, కుడిది తెరుచుకునే వైపు. అందుకే నోట్లో పెట్టుకునే ప్రధాన రెగ్యులేటర్, తేలడానికి గాలి నింపే గొట్టం కుడి వాల్వ్‌కు ఉంటాయి. బ్యాకప్ రెగ్యులేటర్, ప్రెషర్ గేజ్ ఎడమకు.

ప్రధాన గొట్టం పొడవు సుమారు 2.1 మీటర్లు. ఇరుకు దారిలో ఇద్దరూ ఒకరి వెనక ఒకరు ఈదుతూ గాలి పంచుకోవడానికే అంత పొడవు. అది కుడి పక్కన కిందికి దిగి, ఛాతీ మీదుగా ఎడమ భుజానికెక్కి, మెడ వెనక నుంచి తిరిగి నోటికి వస్తుంది. గాలి అయిపోయిన తోటి డైవర్‌కు నోట్లోదే తీసి ఇస్తాం. అది పనిచేస్తోందని అప్పటికే తెలుసు కాబట్టి! మనం గడ్డం కింద ఎలాస్టిక్ తాడుకు వేలాడే బ్యాకప్ అందుకుంటాం. ఆ తాడు ముందు వేసుకోవాలి, పొడవు గొట్టం దానిపైన రావాలి.

నేను ఓ శిక్షణలో దీన్నే తిరగేశాను. మాస్క్‌కు నల్ల టేపు అంటించి ఉంది. రెగ్యులేటర్ తీసి తోటివాడికి ఇవ్వబోతే గొట్టం తాడు కింద ఇరుక్కుని జానెడు కూడా కదల్లేదు. స్విమ్మింగ్ పూల్ కాబట్టి ఇద్దరం లేచి నిలబడ్డాం. 30 మీటర్ల లోతులో లేచి నిలబడటం ఉండదు.

ఏ వాల్వ్ ఎప్పుడు?

రెగ్యులేటర్ లీకైతే ఆ వైపు వాల్వ్ కట్టేయండి. రెండు ట్యాంకుల గాలీ మరో రెగ్యులేటర్‌కు అందుతూనే ఉంటుంది. ట్యాంకు మెడ దగ్గర లీకైతే మధ్యలోని ఐసోలేటర్ మూయాలి. అప్పుడు సగమైనా దక్కుతుంది. మూడు నాబ్‌లూ చూడకుండా అందుకోగలిగేదాకా లోతుకు వెళ్లొద్దు.

కెరియర్‌గా ఎంచుకుంటే..

ముందే లక్షలు పోసి సామగ్రి కొనేయొద్దు. ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్, రెస్క్యూ కోర్సుల తర్వాతే టెక్నికల్ శిక్షణ. డైవింగ్‌కు వైద్య పరీక్ష తప్పనిసరి అనుకోండి. విశాఖ రుషికొండలో తొలి అడుగులు వేయొచ్చు. సరదా డైవింగ్ కార్డుతో కమర్షియల్ డైవర్ ఉద్యోగం రాదు, దానికి వేరే శిక్షణ ఉంటుంది. గన్నవరం దగ్గర కొండపావులూరులో ఉన్న ఎన్‌డీఆర్ఎఫ్ 10వ బెటాలియన్‌లోకి వచ్చేది కేంద్ర సాయుధ బలగాల నుంచి డిప్యుటేషన్‌పైనే.

మొదటి సామగ్రి శిక్షకుల దగ్గర అద్దెకు తీసుకోండి. ఇంట్లోనే కట్టుకుని, కళ్లు మూసుకుని ఒక్కో గొట్టాన్నీ వాల్వ్ నుంచి నోటిదాకా తడిమి చూడండి. ఎక్కడైనా చెయ్యి తడబడితే, సరిచేసుకోవాల్సింది అక్కడే.