ముందు వరసకే పెద్ద పీట

తక్కువ డబ్బులో ఇంట్లో సరౌండ్ సౌండ్ పెట్టుకుందామని షాపుకి వెళ్లినవాళ్లని మొదట పలకరించేవి అంకెలు. 5.1, 7.1, ఈమధ్య 5.1.2. వాటి పక్కన వేలకి వేల వాట్లు, ఆ వాట్ల వెనకాల పీఎంపీఓ అనే తోక. ఈ పీఎంపీఓకి ఎక్కడా ఒప్పుకున్న నిర్వచనం లేదు. యాంప్లిఫయర్ రెప్పపాటు కాలంలో ఎంత ఎగిరిపడగలదో తయారీదారు తనకి తోచినట్టు వేసుకున్న లెక్క అది. నిలకడగా ఇచ్చే శక్తిని ఆర్‌ఎంఎస్ వాట్లలో చెబుతారు. ఆ అంకె వెతుక్కుంటే పెట్టె అడుగున సన్న అక్షరాల్లో దొరుకుతుంది. అసలు ఇంటికి కావలసిన వాట్లు మనం భయపడినంత లేవు. 88 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న మామూలు స్పీకరు ఒక్క వాట్‌కే మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ఇస్తుంది, ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే మాట అరవై చిల్లరే. పైగా వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే. శబ్దం రెండింతలైనట్టు చెవికి తోచాలంటే పదింతలు వాట్లు పోయాలి. కాబట్టి వాట్ల గొడవ పక్కన పెట్టి అసలు ప్రశ్నకి వద్దాం: ఉన్న కొద్ది డబ్బుని ఏ స్పీకరుకి ఎంత పంచాలి? చాలామంది 5.1లోని ఐదు స్పీకర్లకీ సమానంగా పంచేస్తారు. ఒకే సైజులో ఐదు చిన్న డబ్బాలు, ఒక బేస్ పెట్టె కలిపి అమ్మే సెట్లు చేసేది ఇదే. నా వాదన వేరు. ముందున్న మూడింటికి, అందులోనూ మధ్యదానికి, డబ్బు ధారాళంగా పెట్టాలి. వెనకవాటిని చవకలో సరిపెట్టేయొచ్చు. మిగిలిన శ్రమంతా గది మీద పెట్టాలి, దానికి పెద్దగా ఖర్చు లేదు.

ఇది సొంత పైత్యం కాదనడానికి చరిత్రలోనే సాక్ష్యం ఉంది. 1933 ఏప్రిల్ 27న అమెరికాలో బెల్ ల్యాబ్స్ ఇంజనీర్లు హార్వీ ఫ్లెచర్ ఆధ్వర్యంలో ఒక ప్రదర్శన చేశారు. ఫిలడెల్ఫియాలో ఆర్కెస్ట్రా వాయిస్తుంటే ఆ సంగీతాన్ని లైన్ల మీద వాషింగ్టన్‌కి పంపి, కాన్‌స్టిట్యూషన్ హాల్లో కూర్చున్నవాళ్లకి వినిపించారు. ఆ ఆర్కెస్ట్రా సారథి లియోపోల్డ్ స్టొకోవ్‌స్కీ వాషింగ్టన్‌లోనే ఉండి శబ్దాన్ని సరిచూసుకున్నాడు. వేదిక నిండా వాద్యాలు పరుచుకున్నట్టు వినిపించడానికి వాళ్లు వాడినవి మూడే చానెళ్లు: ఎడమ, మధ్య, కుడి. థియేటర్లలో తెర వెనక నేటికీ కనీసం ఈ మూడూ ఉంటాయి. వెనక శబ్దం తర్వాత వచ్చి చేరింది, అదీ చాలాకాలం పేద చుట్టంలాగే బతికింది. డాల్బీ స్టీరియోలో విడుదలైన 1977 నాటి ‘స్టార్ వార్స్’ 35 ఎంఎం ప్రింట్లలో తెర వెనక మూడు చానెళ్లుంటే, హాలు చుట్టూ ఉన్న స్పీకర్లన్నిటికీ కలిపి దక్కింది ఒక్క చానెల్. దాన్ని కూడా 7 వేల హెర్ట్జ్ దగ్గర కోసేశారు, అంటే గాజు పగిలే శబ్దంలోని ఆ చురుకు వెనక నుంచి సగమే వినబడేది. అయినా ఆ సినిమా చూసినవాళ్లు అంతరిక్ష నౌక తల మీదుగా పోయిందనే చెప్పారు.

1992లో ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’తో డాల్బీ డిజిటల్ వచ్చాక వెనక రెండు చానెళ్లూ ముందువాటితో సమానమయ్యాయి కదా, వాటికి చవక స్పీకర్లు పెడితే అన్యాయం కాదా అని అడగొచ్చు. సాంకేతికంగా సమానమే, వాటికిచ్చే పనిలో మాత్రం సమానం కావు. మిక్సింగ్ చేసేవాళ్లు ముఖ్యమైన శబ్దాన్ని వెనక పెట్టడానికి జంకుతారు, ఎందుకంటే ప్రేక్షకుడు తెర వదిలి వెనక్కి చూస్తే సినిమా తెగిపోతుంది. అందుకని వెనక నుంచి వచ్చేది ఎక్కువగా వాన, జనం గోల, గుడి గంట ప్రతిధ్వని, పాటలో వయొలిన్ల తడి, అప్పుడప్పుడు దూసుకుపోయే ఒక బాణం. పైపెచ్చు 80 హెర్ట్జ్‌కి దిగువనున్న బరువైన శబ్దాన్ని రిసీవర్, అంటే స్పీకర్లన్నిటినీ నడిపే యాంప్లిఫయర్ పెట్టె, సబ్‌వూఫర్ అనే బేస్ పెట్టెకి మళ్లిస్తుంది. ఆ దిగువ శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో మన చెవి పట్టుకోలేదు కాబట్టి ఈ సర్దుబాటు చెల్లుతుంది. ఇంత తేలిక పనికి అరచేతి వెడల్పు డ్రైవర్ ఉన్న బుక్‌షెల్ఫ్ జత చాలు, సెకండ్ హ్యాండ్‌దైనా పర్వాలేదు.

మధ్య స్పీకరు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. సినిమాలో సంభాషణ దాదాపు అంతా దాన్లోంచే వస్తుంది. ‘మాటలు వినబడవని సౌండ్ పెంచితే ఫైట్ వచ్చేసరికి ఇల్లు ఎగిరిపోతోంది’ అని ఇంటింటా వినే ఫిర్యాదుకి మూలం ఇక్కడే ఉంది. పలచటి టీవీల్లో స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి, హల్లుల్ని మోసే పైస్థాయి శబ్దం మన వైపు నేరుగా రాదు. మంచి జత ఎడమ కుడి స్పీకర్లుంటే మధ్యది ఎందుకు, రెండూ కలిసి మధ్యలో ఒక ఊహా స్పీకర్ని పుట్టిస్తాయి కదా అనేవాళ్లున్నారు. సరిగ్గా నడిమధ్య ఒక్కడే కూర్చుని చూసే మనిషికి అది నిజమే, అతను మధ్య స్పీకరు డబ్బు మిగుల్చుకోవచ్చు. మన హాళ్లలో సినిమా చూసే తీరు అలా ఉండదు. తాతయ్య పక్కనున్న దివాన్ మీద, పిల్లలు కింద చాప మీద, మిగిలినవాళ్లు సోఫా ఈ చివరా ఆ చివరా. ముందుగా చెవిని చేరిన శబ్దం ఏ దిక్కుదో ఆ దిక్కునే మొత్తం శబ్దం ఉన్నట్టు మెదడు తీర్మానిస్తుందని హెల్మట్ హాస్ 1949లో ప్రయోగాలతో చూపించాడు. దివాన్ మీద కూర్చున్న తాతయ్యకి ఎడమ స్పీకరు దగ్గరైతే హీరో టీవీ మధ్యలో నిలబడి మాట్లాడుతున్నా గొంతు ఎడమ గోడలోంచి వస్తుంది. మధ్య స్పీకరుంటే ఎక్కడ కూర్చున్నా మాట తెర దగ్గరే ఉంటుంది. ముందు మూడూ ఒకే కంపెనీ, ఒకే సిరీస్‌వి తీసుకోవాలి. లేకపోతే కారు ఎడమ నుంచి కుడికి పోతుంటే మధ్యలో ఇంజను గొంతు మారుతుంది. ఇక మధ్యదాన్ని టీవీ యూనిట్ అరలో లోపలికి తోసేయకూడదు. అర అంచుదాకా ముందుకి లాగి, ముందు భాగం కింద రెండు రబ్బరు బిళ్లలు పెట్టి మొహం కాస్త పైకెత్తితే, మోకాళ్లకి కాకుండా చెవులకి మాట్లాడుతుంది.

ఇంత చెప్పాక చవక సెట్ల మాట తప్పదు. 5.1 అని రాసి బ్లూటూత్, ఆక్స్, పెన్‌డ్రైవ్ మాత్రమే ఉన్న సెట్టులో సరౌండ్ లేనట్టే లెక్క. బ్లూటూత్‌లో ఆడియో వచ్చేది రెండు చానెళ్లలోనే, ఆక్స్ తీగలోనూ అంతే. ఆ రెండింటినే ఐదు డబ్బాలకీ పంచి పెడతారు, అందుకే వాటిలో వెనక నుంచి కూడా హీరో డైలాగే వినిపిస్తుంది. అసలు ఐదు చానెళ్లు రావాలంటే టీవీ నుంచి హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగలోనే బయటికి పంపే దారి) గానీ, కనీసం ఆప్టికల్ గానీ ఉండాలి. ఓటీటీల్లో 5.1 ఎక్కువగా డాల్బీ డిజిటల్ ప్లస్‌లో వస్తుంది. అది ఆప్టికల్ తీగలో పోదు, టీవీ దాన్ని పాత డాల్బీ డిజిటల్‌గా మార్చి పంపాలి. ఏఆర్‌సీలో నేరుగా పోతుంది. తీగలన్నీ సరిగా కలిపినా టీవీ సెట్టింగుల్లో డిజిటల్ సౌండ్ ‘పీసీఎం’ మీద ఉండిపోతే రెండు చానెళ్లే బయటికొస్తాయి. దాన్ని ‘ఆటో’ లేదా ‘పాస్‌త్రూ’కి మార్చకుండానే సెట్టు బాగాలేదని తిట్టుకునేవాళ్లు కొల్లలు.

డబ్బు ఆదా చేయడానికి అసలైన చోటు రిసీవర్. యాంప్లిఫయర్లో పెద్దగా అరిగేవి లేవు. ఫార్మాట్లు మారినప్పుడల్లా కొందరు కొత్తది కొని పాతది అమ్మేస్తారు కాబట్టి ఏఆర్‌సీ ఉన్న సెకండ్ హ్యాండ్ రిసీవర్లు కొత్తవాటికంటే బాగా తక్కువకి దొరుకుతాయి. హెచ్‌డీఎంఐలో ఏఆర్‌సీ 2009లో వచ్చింది, అంతకు ముందువాటి జోలికి పోవద్దు. తల మీద నుంచి కూడా శబ్దం వినిపించే అట్మాస్ లేదు కదా అని బెంగ అక్కర్లేదు. ఓటీటీలు డాల్బీ డిజిటల్ ప్లస్‌లో పంపే అట్మాస్ లోపల మామూలు 5.1 ఉంటుంది, పాత రిసీవర్ దాన్ని తీసుకుని వాయిస్తుంది. కొనేముందు ప్రతి చానెల్‌కీ ఒకే స్పీకర్ని మార్చి మార్చి తగిలించి వినండి, హెచ్‌డీఎంఐ సాకెట్లన్నీ చూడండి, వాల్యూమ్ తిప్పుతుంటే గరగర ఉందేమో గమనించండి, కాలిబ్రేషన్ మైకు కూడా ఇస్తున్నాడా అడగండి. చేతిలో ఉన్నదాన్లో మూడోవంతు రిసీవర్‌కి, మూడోవంతుకి కాస్త పైన ముందు మూడింటికి, అయిదోవంతు సబ్‌వూఫర్‌కి, పదోవంతు వెనక జతకి పోయేట్టు చూసుకుంటే సరి. ఒకేసారి అంత కుదరకపోతే వెనక జత, ఆ తర్వాత సబ్‌వూఫర్ వాయిదా వేయొచ్చు. మధ్యది మాత్రం ఆపకండి.

సౌండ్‌బార్ ఉండగా ఇంత తంటా ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. ఏడాదికో అద్దె ఇల్లు మారేవాళ్లకి, గోడకి మేకు కొడితే ఇంటాయన ఊరుకోని చోట, సౌండ్‌బారే మేలు. దానివల్ల మాట కూడా టీవీ కంటే స్పష్టమవుతుంది. అయితే గోడలకి శబ్దాన్ని కొట్టి చుట్టూ తిప్పుతామనే బార్లకి రెండు పక్కలా గోడలుండాలి. మన ఫ్లాట్లలో హాలుకి ఒక పక్క గోడ ఉంటే రెండో పక్క డైనింగ్‌లోకి తెరుచుకుని ఉంటుంది. అటు పోయిన శబ్దం ఫ్రిజ్ దాకా వెళుతుంది గానీ మీ చెవికి తిరిగి రాదు. నిజమైన వెనక స్పీకరుకి ఆ చిక్కు లేదు, గోడ లేని పక్క స్టాండు మీద నిలబెట్టొచ్చు.

ఇక గది. నున్నటి టైల్సు లేదా మార్బుల్, సిమెంటు గోడలు, కాంక్రీటు స్లాబు: తెలుగు ఇళ్ల హాలు శబ్దానికి అద్దాల మేడ. హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు ‘ట్‌ర్‌ర్‌ర్’ మని తోక సాగితే ఆ తోకే రేపు మాటల్లోని హల్లుల్ని మింగుతుంది. సోఫాకీ టీవీకీ మధ్య నేల మీద మందపాటి జంపఖానా, కిటికీలకి ముడతలు ఎక్కువ పడేలా బరువైన కర్టెన్లు, స్పీకర్ల పక్క గోడకి పుస్తకాల అర ఉంటే చాలా మటుకు తగ్గుతుంది. ఇవేవీ బేస్‌ని ఆపవు, దాని తరంగాలు మీటర్ల పొడవు. పన్నెండడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య సుమారు 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం తనలో తనే చిక్కుకుంటుంది. గోడ దగ్గర గుమ్మని ఉబ్బుతుంది, సరిగ్గా మధ్యలో మాయమవుతుంది. గది నలుచదరమైతే రెండు జతల గోడలూ ఒకే హెర్ట్జ్ దగ్గర ఉబ్బి ఇంకా దారుణం. మన అలవాటు సోఫాని వెనక గోడకి ఆనించేయడం, అంటే బేస్ మరీ ఎక్కువయ్యే చోటే కూర్చోవడం. ఒకటిన్నర రెండడుగులు ముందుకి జరిపితే తేడా తెలుస్తుంది. సబ్‌వూఫర్‌కి చోటు వెతకడానికి పాత చిట్కా ఒకటుంది: దాన్ని సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఎక్కువున్న పాట నడిపి, గోడ వెంబడి మోకాళ్ల మీద పాకుతూ వినండి. ఎక్కడ ప్రతి దెబ్బా విడివిడిగా వినబడితే అక్కడ సబ్‌వూఫర్ పెట్టాలి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

వెనక స్పీకర్లు నిజానికి పూర్తిగా వెనక ఉండక్కర్లేదు. ప్రసార సంస్థలు పాటించే ఐటీయూ సిఫారసు ప్రకారం ముందు రెండూ మధ్యరేఖకి 30 డిగ్రీల్లో, సరౌండ్లు 100 నుంచి 120 డిగ్రీల్లో ఉండాలి, అంటే భుజాలకి కొంచెం వెనకగా పక్కల్లో. ఇంట్లో వాటిని చెవికంటే ఒకటి రెండడుగులు ఎత్తున పెడితే పక్కన కూర్చున్నవాడి తల అడ్డం రాదు. తీగకి వేలు పోయకండి. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ పది మీటర్లు పోయి రావడానికి అడ్డుపడేది పావు ఓమ్, 8 ఓమ్‌ల స్పీకరుకి అది నూటికి మూడు వంతులు, చెవికి తెలియదు. రాగి పూత వేసిన అల్యూమినియం తీగ అంటగడతారు, కోసి చూసి కొనండి. కరెంటు తీగలున్న పైపులో మాత్రం దూర్చకండి. ఎర్ర కొస ఎర్రదానికే, నల్ల కొస నల్లదానికే పోవాలి. ఒక్కటి తిరగబడినా బేస్ పలచబడిపోతుంది. చివరగా టేపుతో చెవి నుంచి ఒక్కో స్పీకరుకి దూరం కొలిచి రిసీవర్లో ఎక్కించండి. శబ్దం మీటరుకి 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. సరౌండు మీటరున్నర దూరంలో, ముందువి మూడు మీటర్ల దూరంలో ఉంటే సరౌండు నాలుగు మిల్లీసెకన్ల ముందే వచ్చి పడుతుంది, హాస్ చెప్పినట్టు చెవిని తన వైపు లాక్కుంటుంది. రిసీవర్ ఆ నాలుగు మిల్లీసెకన్లూ దాన్ని ఆపి ఉంచుతుంది. మైకు ఉంటే ఈ కొలతలన్నీ అదే చూసుకుంటుంది, కొలిచే అయిదు నిమిషాలూ ఫ్యాను ఆపితే చాలు.

షాపుకి వెళ్లేముందు హాలు పొడవూ వెడల్పూ, టీవీ నుంచి సోఫాకి దూరం, ఏ పక్క గోడ లేదో కాగితం మీద రాసుకోండి. అక్కడ డెమోకి తప్పకుండా ఒక యుద్ధమో కారు ఛేజో పెడతారు. అది ఆపించి, ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సీను తక్కువ సౌండులో పెట్టమని అడగండి. అందులో ప్రతి మాటా తెలియని సెట్టుని, పెట్టె మీద ఎన్ని వాట్లు రాసి ఉన్నా, అక్కడే వదిలేసి రండి.