బ్యాటరీలో విత్తనపు గింజలు

భద్రాచలంలో నాకు బ్యాటరీల కొట్టు ఉంది. ఇరవై నాలుగేళ్లుగా అదే నా బతుకుతెరువు. ట్రాక్టర్‌లో, ఆటోలో, ఒక్కోసారి కావడి మీద కూడా బ్యాటరీలు నా దగ్గరకు వచ్చాయి. మూత తీసి చూస్తే చాలావాటిలో ఒకటే జబ్బు. వయసు రాకముందే ఆకలితో పోయినవి అవి. ఆ ఆకలి ఏమిటో, దాన్ని ఇంట్లోవాళ్లే ఎలా ఆపగలరో చెప్పాలని ఇది రాస్తున్నాను.

కిష్టారం వైపు నుంచి చింతపండు అమ్ముకోవడానికి వచ్చే ఒక దోర్ల తెగ పెద్దాయన నన్ను అల్లుడూ అని పిలుస్తాడు, నేను మామా అంటాను. కిందటేడు మే నెలలో కొట్టు ముందు కూర్చుని దిగులుగా అన్నాడు: "అల్లుడూ, ఎండ చూస్తే నిప్పులు కురుస్తోంది. రాత్రి తొమ్మిది కొట్టకముందే లైటు పోతోంది. ప్లేట్లు చెడిపోయినట్టున్నాయి. ఒకసారి వచ్చి చూడవా?"

మర్నాడే బండి తీశాను. మరాయిగూడెం, గొల్లపల్లి దాటి వెళ్లాలి. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా, కోంటా బ్లాకులో ఉన్న ఈ అడవి దారి మామూలు దారి కాదు. 2018 మార్చి 13న కిష్టారం దగ్గర మందుపాతర పేలి తొమ్మిది మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. రోడ్డు వేయడానికే అంత కష్టమైన చోట కరెంటు తీగ లోపలి పారాల (చిన్న వాడల) దాకా లాగడం ఇంకెంత కష్టమో ఊహించుకోవచ్చు. అందుకే ఇలాంటి చోట్ల సోలారే దిక్కయింది. 2017 సెప్టెంబరులో మొదలైన సౌభాగ్య పథకం తీగ చేరని ఇళ్లకు 200 నుంచి 300 వాట్ల ప్లేట్లు, బ్యాటరీ, ఐదు ఎల్‌ఈడీ లైట్లు, ఒక డీసీ ఫ్యాను, ఒక ప్లగ్గు, ఐదేళ్ల మరమ్మతు అని రాసుకుంది. ఐదేళ్లు దాటాక బ్యాటరీ బాగోగులు ఇంటివాళ్ల చేతిలోనే ఉంటాయి.

మామ ఇల్లు కిష్టారం దాటాక ఒక పారాలో. 300 వాట్ల ప్లేట్లు, 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ. సాయంత్రానికి చేరాను. ప్లేట్లకు ఏమీ కాలేదు. రాత్రి అక్కడే పడుకుని, తెల్లవారుజామున ఎండ రాకముందే అన్ని స్విచ్చులూ కట్టి మీటరు పెట్టాను. 11.6 చూపించింది. అంటే పూర్తిగా ఖాళీ.

ఎండ తగిలేటప్పుడో, పొద్దు గుంకిన వెంటనేనో వోల్టేజీ చూసి చాలామంది మోసపోతారు. అప్పుడు 13, 14 చూపిస్తుంది. పాలపొంగు చూసి పాలు కొలిచినట్టు ఉంటుంది అది. పొంగు దిగాక చూడాలి. రాత్రంతా వాడాక, లైటూ ఫ్యానూ కట్టి, కాసేపు ఆగి చూసిన అంకెలోనే నిజం ఉంటుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలో 12.7 అంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అయితే ముప్పాతిక, 12.2 అయితే సగం, 12.0 అయితే పావు. 11.8కి దిగితే అడుగంటినట్టే.

మామతో పాటు అరుగు మీద కూర్చుని లెక్క చెప్పాను. 12ను 150తో గుణిస్తే 1,800. అంటే బ్యాటరీ నిండితే లోపల 1,800 వాట్ అవర్లు. అందులో సగమే, 900 మాత్రమే, మన తిండి. మిగతా సగం విత్తనం. విత్తనాల పండుగ చేసుకునే ఇంట్లో ఈ మాట విడమరచక్కర్లేదు. ఎంత కరువొచ్చినా విత్తనపు గింజ వండుకోరు. వండుకుంటే వచ్చే ఏడు పొలం బీడు. బ్యాటరీని సగం కిందకు మాటిమాటికీ దించితే సీసం పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే నిండా చార్జ్ చేస్తే కరిగిపోతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే గట్టిపడి రాయిలా కూర్చుంటుంది. ఆ పైన ఎంత ఎండ కాసినా ఆ చోట చార్జ్ పట్టదు. 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ బ్యాటరీని కనిపెట్టిన నాటి నుంచీ దీని గుణం ఇదే.

ఇక రాబడి చూద్దాం. 300 వాట్ల ప్లేటుకు మంచి ఎండ రోజుకు నాలుగున్నర గంటలు అనుకుంటే 1,350. వేడికి, దుమ్ముకు, తీగల్లో, చార్జింగులో మూడో వంతు పోతుంది. చేతికి దక్కేది 900. ఖర్చు ఇలా ఉండాలి: ఐదు లైట్లు, ఒక్కోటి ఏడు వాట్లు, ఐదు గంటలు, అంటే 175. ముప్పై వాట్ల డీసీ ఫ్యాను తొమ్మిది గంటలకు 270. మూడు ఫోన్లకు 45. మొత్తం 490. హాయిగా సరిపోవాలి.

మరి సరిపోలేదెందుకు? మామ కొడుకు సంతలో ఇన్వర్టర్ కొని, 75 వాట్ల మామూలు సీలింగ్ ఫ్యాను, ఒక టీవీ తగిలించాడు. రాత్రంతా ఫ్యానుకు 675, మూడు గంటల టీవీకి 135. ఇన్వర్టర్ తన కూలీ తాను తీసుకుంటుంది కాబట్టి ఆ రెండింటికీ కలిపి 950 దాకా. లైట్లు, ఫోన్లు కలిపితే 1,170. రాబడి 900, ఖర్చు 1,170. రోజుకు 270 అప్పు. నిండు బ్యాటరీతో మొదలుపెట్టినా మొదటి రాత్రికే తినదగ్గ 900 దాటిపోయింది. ఆ రాత్రి నుంచే ఆ ఇల్లు విత్తనం తింటోంది.

అప్పుడు చార్జ్ కంట్రోలర్ తన పని చేసింది. బ్యాటరీ అడుగంటుతోందని లైటు ఆపేసింది. పిల్లలు చీకట్లో ఉన్నారని ఎవరో తీగలు నేరుగా బ్యాటరీకి క్లిప్పులతో తగిలించారు. మా పనిలో దీన్ని "డైరెక్ట్ ఇవ్వడం" అంటాం. ఆ రాత్రికి లైటు వెలిగింది, బ్యాటరీ ఆయుష్షు కొంత తరిగింది. కంట్రోలర్ లైటు ఆపితే దాని మీద కోపం తెచ్చుకోవద్దు. గాదె దగ్గర కాపలా కూర్చున్న ఇంటి పెద్ద అది.

ఇంకో రెండు దొంగదారులు కూడా కనిపించాయి. పశువుల కొట్టంలో ఫ్యాను పెట్టాలని ఇరవై మీటర్ల దూరం 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ లాగారు. పోయి వచ్చే దారి నలభై మీటర్లు. ఐదు ఆంపియర్లు పారితే అందులోనే దాదాపు 1.4 వోల్టులు పోతాయి. 230 వోల్టుల లైనులో అది లెక్కలోకి రాదు, 12 వోల్టుల దగ్గర పదో వంతు కన్నా ఎక్కువ. తీగ పొట్టిగా, లావుగా ఉండాలి. రెండోది ఇప్పచెట్టు నీడ. ఉదయం తొమ్మిదిన్నర దాకా ఒక కొమ్మ నీడ ప్లేటు మూల మీద పడుతోంది. మూల మాత్రమే కదా అనుకోకూడదు. ప్లేటులోని గళ్లన్నీ గొలుసులా కట్టి ఉంటాయి కాబట్టి కొద్దిపాటి నీడ కూడా చాలా కరెంటును ఆపేస్తుంది.

ఉదయపు ఎండ ఎందుకంత ముఖ్యమంటే, బ్యాటరీ నిండే తీరు అలాంటిది. బస్తాలో వడ్లు పోసేటప్పుడు ముప్పాతిక దాకా గబగబా పడతాయి. ఆ తర్వాత కుదించి, తట్టి, కొద్దికొద్దిగా పోయాలి. బ్యాటరీకీ అంతే. ఎనభై శాతం దాకా జోరుగా ఎక్కుతుంది. 14.4 వోల్టుల దగ్గర కంట్రోలర్ కరెంటు తగ్గిస్తూ వస్తుంది. చివరి ఐదో వంతుకు మూడు, నాలుగు గంటలు పడుతుంది. పొద్దున పోయిన ఎండను సాయంత్రం తెచ్చుకోలేం. అందుకే ఫోన్లు రాత్రిపూట కాకుండా మధ్యాహ్నం దాటాక పెట్టమన్నాను. వారానికొక రోజు వాడకం తగ్గించి బ్యాటరీని నిండా నిండనివ్వమన్నాను.

నీళ్ల సంగతీ చెప్పాలి. మూత తీస్తే పలకల అంచులు పొడిగా ఉన్నాయి. బోరింగు నీళ్లు పోశామన్నారు. బోరు నీటిలోని ఇనుము, ఉప్పులు పలకల్ని తినేస్తాయి. డిస్టిల్డ్ వాటర్ తప్ప ఏదీ పోయకూడదు; పలకలు బయటపడితే అవి మునిగేంత వరకే ముందు పోసి, మిగతాది చార్జ్ నిండాక పోయాలి. మళ్లీ యాసిడ్ పోయకూడదు. చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి బ్యాటరీని పొయ్యికీ పడకకూ దూరంగా, గాలి ఆడే చోట పెట్టాలి.

తిరిగొచ్చిన నెలకే టెక్సాస్ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. ఇల్లులాంటి బండి అద్దెకు తీసుకుని పెళ్లాం పిల్లలతో కొండల్లోకి వెళ్లాడట. అమెరికాలో సర్కారు భూముల్లో చాలాచోట్ల పద్నాలుగు రోజుల దాకా ఉచితంగా ఉండొచ్చు. కరెంటు తీగ, నీటి కుళాయి ఉండవు. "మామయ్యా, అర్ధరాత్రి హీటర్ ఆగిపోయింది, పిల్లలు వణికిపోయారు" అన్నాడు. ఆ హీటర్ మండేది గ్యాసుతోనే, వేడిని తోసే ఫ్యాను మాత్రం బ్యాటరీది. సాయంత్రం వెయ్యి వాట్ల కాఫీ మిషను పది నిమిషాలు ఇన్వర్టర్ మీద పెట్టాడు. ఆ పది నిమిషాలకే పదహారు ఏహెచ్ పోయింది. వాడి బ్యాటరీ వంద ఏహెచ్‌ది, సగం యాభై. కిష్టారం లెక్కే వాడికీ చెప్పాను. కాఫీ గ్యాసు మీద పెట్టుకో, ఉదయపు ఎండలో ప్లేట్లు పరుచుకో, తెల్లవారుజామున వోల్టేజీ చూసుకో.

అక్కడివాళ్లు ఇప్పుడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల వైపు వెళ్తున్నారు. ఎనభై శాతం దాకా వాడినా చెడిపోవు, నీళ్లు పోయక్కర్లేదు, బరువు తక్కువ. ధర ఎక్కువ, కంట్రోలర్ సెట్టింగు మార్చాలి. చాలాసేపు వోల్టేజీ ఒకేలా ఉంటుంది కాబట్టి ఎంత మిగిలిందో మీటరు చెప్పలేదు. ఆంపియర్లు లెక్కపెట్టే యంత్రం వేరే కావాలి. చేతిలో డబ్బుంటే మంచిదే. లెక్క మాత్రం దానికీ తప్పదు.

మామ ఇంట్లో సీలింగ్ ఫ్యాను దించి ముప్పై వాట్ల ఫ్యానే మళ్లీ పెట్టాం. డైరెక్ట్ తీగలు పీకేశాం. నేల మీద నుంచి బ్యాటరీని చెక్క మీదకు ఎత్తాం. రెండు వందల రూపాయల చిన్న మీటరు ఇచ్చి వచ్చాను.

సెప్టెంబరు ముసురు వెలిశాక మళ్లీ వెళ్లాను. గోడ మీద బొగ్గుతో వరసగా అంకెలు. హాస్టల్లో చదివే మామ మనవరాలు సెలవులకు వచ్చి మొదలుపెట్టిందట. పాప వెళ్లాక అమ్మమ్మ, అంటే మా అత్త, అంకెలు రాయడం నేర్చుకుని కొనసాగించింది. 12.5, 12.4, 12.4. ముసురు పట్టిన రోజుల్లో 12.3, ఆ పక్కనే చిన్న గీత. ఆ గీత ఏమిటని అడిగాను.

"ఆ రాత్రి ఫ్యాను వేయలేదు బాబూ" అంది అత్త. "గింజలు మిగల్చాలి గదా."