నోటిపొర ఎంత వేడికి తట్టుకుంటుంది?

బుగ్గ లోపలి పొరలో, నాలుక మీద, అంగిట్లో కొమ్మలు చాచినట్టుండే కణాలుంటాయి. 1868లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్యవిద్యార్థి వీటిని చర్మంలో గుర్తించాడు, ఆయన పేరే వీటికి నిలిచిపోయింది. క్రిమి గానీ చెడిపోయిన కణం తునక గానీ తగిలితే దాన్ని పట్టుకుని మెడలోని లింఫ్ గ్రంథులకు చేర్చి, అక్కడ టీ కణాలనే రోగనిరోధక కణాలకు చూపించడం వీటి పని.

వీటికి వేడి మంచిదా చెడ్డదా అన్నది ఎంత వేడి, ఎంతసేపు అన్నదాన్ని బట్టి ఉంటుంది. జ్వరమంత వేడికి రోగనిరోధక కణాలు చురుగ్గా కదులుతాయి. కొంతమంది క్యాన్సర్ రోగులకు రేడియేషన్‌తో పాటు గడ్డను 41-43 డిగ్రీల సెల్సియస్ దాకా సుమారు గంటసేపు వేడి చేస్తారు. దీన్ని హైపర్‌థెర్మియా అంటారు. ఆ వేడికి గడ్డ కణాలు తమ డీఎన్‌ఏను బాగుచేసుకోలేవు. చనిపోతూ హీట్ షాక్ ప్రోటీన్లను బయటికి వదులుతాయి. వాటిని అంటిపెట్టుకుని గడ్డ ఆనవాళ్లు కూడా వస్తాయి కాబట్టి రోగనిరోధక కణాలు శత్రువును పోల్చుకోగలుగుతాయి. రోగనిరోధక కణాల గురించిన ఈ మాట ఎక్కువగా ప్రయోగశాలలో తేలిన సంగతే, దీన్ని నమ్ముకుని అసలు వైద్యం మానకూడదు. ఒకసారి వేడి తగిలిన కణం రెండు మూడు రోజులు మళ్లీ వేడికి లొంగకుండా మొండికేస్తుంది, అందుకే ఈ చికిత్సను రోజూ చేయరు.

43 దాటితే లెక్క మారిపోతుంది. ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ అంతే నష్టానికి సగం సమయం చాలు. 43 దగ్గర గంట పట్టేది 45 దగ్గర పావుగంటలో జరుగుతుంది. ఇంకా పైకి పోతే ప్రోటీన్లు తెల్లసొన ఉడికినట్టు గడ్డకడతాయి. గడ్డ కణంతో పాటు కాపలా కణమూ పోతుంది. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించడానికి ఈ భయమేమీ అక్కర్లేదు.

ఉత్తరాంధ్ర పల్లెల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్ల సంగతి వేరు. చుట్ట వెలిగించిన కొసను నోట్లోనే పెట్టుకుంటారు. నిప్పు అంగిలికి అంత దగ్గర. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మందిని పరీక్షించిన అధ్యయనం 1971లో అచ్చయింది. అంగిట్లో తెల్లమచ్చలు, ఎర్రమచ్చలు, పుండ్లు ఎక్కువగా ఈ అలవాటున్నవాళ్లలోనే కనిపించాయి. మామూలుగా గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు, వీళ్లకు మాత్రం అక్కడే వస్తుంది. నేరం వేడిదొక్కదానిదే కాదు, పొగాకు విషాలూ కలుస్తాయి. మన అమ్మమ్మలు, అత్తలు నొప్పి లేదని ఊరుకుంటారు. మొదట్లో నొప్పి ఉండదు కూడా. వాళ్లను టార్చిలైటు ముందు నోరు తెరవమనండి. మచ్చ గానీ మానని పుండు గానీ రెండు మూడు వారాలు దాటినా ఉంటే దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.