మందుపెట్టె కావలి

వంటలో ఉప్పు ఎక్కువైనచో ఆ పూట భోజనము మాత్రమే చెడును. మందు ఎక్కువైనచో ఏమగునో మాకు నిరుడు తెలిసివచ్చినది. ఇందు తప్పు మాదే. దానిని దాచుకొన్నచో ఈ వ్రాతవలన సోదరీమణులకు ప్రయోజనముండదు గావున, జరిగినది జరిగినట్లు విన్నవించుచున్నాము.

మా ఆడుబిడ్డకు ఇరువదియేండ్లు. బేగంపేటలో మాయింటనే యుండి చదువుకొనుచున్నది. రెండేండ్ల క్రిందట ఆమెకు భోజనమైన కొంతసేపటికి బొడ్డునకు కుడిప్రక్క దిగువను నొప్పి, దినమునకు నాలుగైదు విరేచనములు, సాయంకాలమున జ్వరము ఆరంభమైనవి. అజీర్ణమని శొంఠియు వామును ఇచ్చితిమి. చుట్టములు దిష్టి యనిరి. పిల్ల చిక్కి శల్యమైన పిమ్మట గాని పెద్దవైద్యునికడకు పోలేదు. ఆయన సన్నని గొట్టముతో ప్రేవుల లోపల చూచి, చిన్న ముక్కను తీసి పరీక్షింపజేసి, ఇది క్రోన్స్ వ్యాధి యని నిర్ణయించెను.

ఈ పేరు మనలో పెక్కుమందికి క్రొత్త. 1932లో న్యూయార్కు నగరమున బరిల్ క్రోన్, గింజ్‌బర్గ్, ఒపెన్‌హైమర్ అను మువ్వురు వైద్యులు దీనిని వివరించి ప్రకటించిరి. మొదటివాని పేరే వ్యాధికి నిలిచినది. నోరు మొదలుకొని గుదమువరకు ఎచ్చటనైనను ఇది రావచ్చును. చిన్నప్రేవు కొసను తఱచుగా కనబడును. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి ప్రేవుగోడను వాపునకును పుండ్లకును గుఱిచేయును. వాపు లోతునకు దిగినచో ప్రేవు సన్నబడుటయు, గోడకు రంధ్రము పడుటయు కలదు. ఇది అంటువ్యాధి కాదు. తల్లి వండిపెట్టిన కూటివలన వచ్చినదియు కాదు.

మన దేశమున ప్రేవుల క్షయ దీనిని మిక్కిలి పోలియుండును. క్షయ యున్నవారికి రక్షణశక్తిని అణచు మందులిచ్చినచో క్షయ విజృంభించును. అందుచేత వైద్యులు ముందుగా క్షయ లేదని రూఢిచేసికొందురు. ఆ పరీక్షలకు పట్టిన కాలమును చూచి అప్పుడు మేము విసిగికొంటిమి. ఆ ఆలస్యము పిల్ల మేలుకొఱకేయని తరువాత తెలిసినది.

వ్యాధి వేరుతో పోదు, మందులతో అణగియుండును. మా ఆడుబిడ్డకు వ్రాసిన మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి. ఈ బిళ్ళకును మన తెలుగునాటికిని చుట్టరికము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తమ సోదరులను స్ప్రూ అను ప్రేవుల రోగమువలన కోల్పోయిరి. 1923లో అమెరికాకు వెళ్ళి, అనంతరము లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకులైరి. ఫోలిక్ ఆమ్లమును అచ్చట కృత్రిమముగా తయారుచేయించినవారు వారే. ఆ ఆమ్లమునకు ఎదురుగా పనిచేయు మెథోట్రెక్సేట్ సైతము ఆ ప్రయోగశాలనుండి వెలువడినదే. క్యాన్సరు చికిత్సలో వాడు ఆ మందే, తక్కువ మోతాదున వారమునకు ఒక్కసారి మాత్రమే యిచ్చినచో క్రోన్స్ వ్యాధిని అణచును. దానివలన కలుగు బాధలు తగ్గుటకు ఫోలిక్ ఆమ్లపు బిళ్ళను తోడుగా ఇత్తురు.

మా తప్పు ఇచ్చటనే జరిగినది. రెండును పసుపువన్నె చిన్న బిళ్ళలు. చీటీలో మొదటిది ఆదివారము మాత్రము, రెండవది తక్కిన దినములలో అని యుండెను. చిన్ననాట అమరమును కంఠస్థము చేసిన మేము ఆ చీటీని రెండవమాఱు చదువలేదు. ఒకదానిని మఱియొకటిగా భ్రమించి, నాలుగు వారముల మెథోట్రెక్సేట్‌ను నాలుగు దినములలో మ్రింగించితిమి. ఐదవనాడు బిళ్ళలు లేక మందుల దుకాణమునకు పోతిమి.

అచ్చటి ఫార్మసిస్టు పాతికేండ్ల పిల్ల. చీటీ చూచి చేయి నిలిపి, "అమ్మా, నెలకు సరిపడునన్ని మొన్ననే యిచ్చితిని గదా, ఏమైనవి?" అనెను.

"దినమున కొకటి వేసితిమి" అంటిమి.

ఆమె మొగము పాలిపోయినది. "నోటిలో పుండ్లు లేచినవా?"

"నిన్నటినుండి నోరు పూచినది. కారము తినలేకున్నది."

"ఇక ఒక్కటియు ఈయకుడు. ఈ క్షణమే ఆసుపత్రికి తీసికొనిపొండు" అని, తానే వైద్యునకు టెలిఫోను చేసి, ఏ మందు, ఎన్ని బిళ్ళలు, ఏ దినములలో వేసినదియు కాగితముపై వ్రాసి మా చేతికిచ్చెను. ఆనాడు ఆమె మాకు ఏమియు అమ్మలేదు.

పిల్లకు రక్తకణములు తగ్గినవని పరీక్షలో తేలినది. విఱుగుడుగా ఫోలినిక్ ఆమ్లమును ఇచ్చిరి. పదునొకండు దినములకు ఆమె ఇల్లు చేరినది. మా యింటివారు మమ్ము ఒక్కమాటయు ననలేదు. అనినచో కొంత తేలికపడియుందుము.

పిమ్మట ఆ ఫార్మసిస్టు నొద్ద మేము నేర్చుకొన్నవి కొన్ని కలవు. స్టెరాయిడు మందును నొప్పి తగ్గినదని ఒక్కమాఱుగా మానరాదు. వైద్యుడు చెప్పినట్లు మెల్లగా తగ్గింపవలెను. తలనొప్పికి ఇంటనున్న ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ బిళ్ళలు ఈ వ్యాధిని రేపవచ్చును గాన, అడుగక ఈయరాదు. అడాలిముమాబ్ వంటి సూదిమందును మంచుపెట్టెలో 2 మొదలు 8 డిగ్రీల చల్లదనమున నుంచవలెను, గడ్డకట్టనీయరాదు. మెథోట్రెక్సేట్ గర్భమునకు మహాహాని. కావున పెండ్లియైనవారును కానున్నవారును ఈ సంగతిని సిగ్గుపడక వైద్యునితో ముందే చెప్పవలెను.

1948 నాటి ఫార్మసీ చట్టము ప్రకారము చీటీపై మందు కూర్చి యిచ్చు పని చదివి నమోదైన ఫార్మసిస్టుది. దుకాణమున ఎవరో పిల్లవాడు పొట్లము కట్టి విసరినచో పుచ్చుకొని రావలదు. "ఇది దేనికి? ఎప్పుడు? ఎన్ని దినములు?" అని ఫార్మసిస్టును అడుగుడు. ప్రతిమాఱును ఒకే దుకాణమునకు పోయినచో మన మందుల లెక్క వారికి తెలిసియుండును. మా తప్పు పట్టుబడినది ఆ లెక్కవలననే.

మా బేగంపేటలోనే 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ భవనము ముందు పోవునపుడెల్ల, ఇంత చిన్నదానిని ఎట్లు చూచెనో యని మేము అబ్బురపడెడివారము. ఇప్పుడు ఆ త్రోవనే పోవుచు, నాలుగు బిళ్ళల లెక్క తప్పినదని కనిపెట్టిన ఆ పిల్లను కూడ తలచుకొందుము.

కణములు కోలుకొన్న పిమ్మట వైద్యుడు ఆ మందును మరల ప్రారంభించెను. ఇప్పుడు రెండు బిళ్ళలును వేర్వేఱు డబ్బాలలో నున్నవి. గోడమీది పంచాంగమున ఆదివారములకు ఎఱ్ఱగీత గీచితిమి. ఆనాడు మా ఆడుబిడ్డ చీటీని పైకి చదువును. మేము బిళ్ళపేరు పైకి చదువుదుము. రెండును ఒకటైన పిమ్మటనే ఆమె నీళ్ళు త్రాగును.