పిరమిడ్లు కట్టిందెవరు? ఇటుకలు చేసిందెవరు?

ఐగుప్తు అనగానే మన కళ్ల ముందు రెండు బొమ్మలు కదులుతాయి. ఒకటి ఆకాశాన్నంటే పిరమిడ్. రెండోది కొరడా దెబ్బల కింద వెట్టిచాకిరీ చేసే ఇశ్రాయేలీయులు. సినిమాలు, బొమ్మల పుస్తకాలు ఈ రెండింటినీ ఒకటిగా కలిపేశాయి. ఉప్పల్‌లోనో, నాచారంలోనో ఏ సండే స్కూల్లోనైనా ‘పిరమిడ్లు కట్టిందెవరు?’ అని అడిగి చూడండి. ‘ఇశ్రాయేలీయులు’ అని ఠక్కున జవాబు వస్తుంది. బైబిల్ మాత్రం ఆ మాట ఎక్కడా చెప్పలేదు.

నిర్గమకాండం మొదటి అధ్యాయాన్ని నిదానంగా చదువుదాం. ఇశ్రాయేలీయులు ఫరో కోసం కట్టినవి పీతోము, రామెసేసు అనే ధాన్యం నిలువచేసే పట్టణాలు (1:11). వారు చేసిన పని జిగటమంటి పని, ఇటుకల పని, పొలం పని (1:14). గిజాలోని మహా పిరమిడ్ రాతి కట్టడం. ఖుఫు అనే ఫరో కోసం సుమారు క్రీ.పూ. 2560 నాటికి దాన్ని కట్టారు. అబ్రాహాము కాలాన్ని సాధారణంగా క్రీ.పూ. 2000 ప్రాంతంగా లెక్కిస్తారు. అంటే కరువు తాళలేక ఆయన ఐగుప్తుకు వెళ్లిన నాటికే (ఆది. 12:10) ఆ పిరమిడ్ వయసు కొన్ని వందల ఏళ్లు. మోషే నాటికైతే వెయ్యేళ్లు దాటింది.

మరి ఈ పొరపాటు ఎక్కడిది? మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ తన గ్రంథంలో ఇశ్రాయేలీయుల చేత పిరమిడ్లు కూడా కట్టించారని రాశాడు. మధ్యయుగాల క్రైస్తవులు ఇంకో అడుగు వేసి, అవి యోసేపు కట్టించిన ధాన్యపు కొట్లన్నారు. వెనిస్‌లోని సెయింట్ మార్క్ చర్చి పైకప్పు మీద ఆ బొమ్మ ఇప్పటికీ ఉంది. కానీ పిరమిడ్ లోపల కొన్ని గదులు, ఇరుకు దారులు తప్ప మిగతాదంతా రాయే. గింజలు దాచడానికి చోటెక్కడిది?

ఆ కట్టడం ఒక్కరోజులో పుట్టిన ఆలోచన కాదు. క్రీ.పూ. 2650 ప్రాంతంలో సక్కారాలో జోసెర్ రాజు సమాధిని ఇమ్‌హోటెప్ మెట్లమెట్లుగా, ఆరు అంతస్తులుగా లేపాడు. తర్వాత ఖుఫు తండ్రి స్నెఫ్రు నున్నటి వాలుతో కట్టించబోయాడు. దహ్‌షూర్‌లో మొదలుపెట్టిన వాలు సుమారు 54 డిగ్రీలు. సగం పైకి వెళ్లాక కట్టడం తట్టుకోదని భయపడ్డారేమో, వాలును 43 డిగ్రీలకు తగ్గించేశారు. నడుం వంగినట్టున్న ఆ పిరమిడ్ నేటికీ నిలిచే ఉంది. దాని దగ్గర్లోనే స్నెఫ్రు మరొకటి మొదటి నుంచీ తక్కువ వాలుతో కట్టించాడు. ఇన్ని పాఠాల తర్వాతే కొడుకు ఖుఫు కాలంలో దాదాపు 52 డిగ్రీల వాలుతో మహా పిరమిడ్ లేచింది.

దాని కొలతలు చూడండి. కట్టినప్పటి ఎత్తు సుమారు 146 మీటర్లు. మన చార్మినార్‌కు రెండున్నర రెట్లు! ఒక్కో వైపు పునాది 230 మీటర్లు. అంటే దాదాపు 13 ఎకరాలు. నాలుగు వైపుల కొలతల్లో తేడా కొద్ది సెంటీమీటర్లే. అందులోని రాళ్లు సుమారు 23 లక్షలని అంచనా. రోజుకు పది గంటల చొప్పున 20 ఏళ్లు కట్టారనుకున్నా, రెండు నిమిషాలకో రాయి చొప్పున పేర్చాలి. 2018లో పనులు మొదలైన ఉప్పల్-నారపల్లి ఫ్లైఓవర్ స్తంభాల మధ్య దుమ్ములో ఏళ్ల తరబడి ప్రయాణించిన మనకు ఆ వేగం విలువ వేరే చెప్పాలా?

ఎలా కట్టారు? సున్నపురాయిని రాగి ఉలులతో అక్కడికక్కడే తొలిచారు. రాజు గది కోసం వాడిన గ్రానైట్‌కు రాగి చాలదు. దాన్ని 800 కిలోమీటర్ల దూరంలోని అస్వాన్‌లో గట్టి రాతి గుండ్లతో మోది మోది విడదీసి, నైలు మీద పడవల్లో తెచ్చారు. మన బండరాళ్లను ఉలి, సమ్మెటలతో చీల్చే వడ్డెర అన్నలకు ఆ కష్టం బాగా తెలుసు. నేల మీద రాళ్లను చక్క బండ్లపై పెట్టి తాళ్లతో లాగారు. ఇసుకను తగుమాత్రం తడిపితే లాగే బలం సగానికి తగ్గుతుందని ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2014లో నిరూపించారు.

ఇక లాగిన మనుషుల సంగతి. 1990 నుంచి గిజాలో బయటపడిన పనివారి సమాధులు కొత్త విషయాలు చెప్పాయి. వారు ఐగుప్తీయులే. అరిగిన వెన్నెముకలు, విరిగి మళ్లీ అతికిన ఎముకలు వారి శ్రమకూ, వారికి అందిన వైద్యానికీ సాక్ష్యాలు. రొట్టెలు కాల్చిన వంటశాలలు, తిన్న పశువుల ఎముకలు వారి ఊరి తవ్వకాల్లో దొరికాయి. రాజాజ్ఞ మీద వంతులవారీగా వచ్చినవారే చాలామంది కాబట్టి అది తేలికైన బతుకేమీ కాదు. అయినా రాజు సమాధి నీడలోనే వారికీ సమాధులు దక్కాయి. 2013లో ఎర్రసముద్రపు ఒడ్డున వాది అల్ జర్ఫ్‌లో దొరికిన పపైరస్‌లలో మెరెర్ అనే అధికారి దినచర్య ఉంది. సుమారు 40 మంది జట్టుతో తురా నుంచి తెల్లటి సున్నపురాయిని గిజాకు చేరవేసిన లెక్క అది. రాజు గది పైన ఎవరికీ కనబడని అరల్లో ‘ఖుఫు స్నేహితులు’ అంటూ పనివారి జట్లు తమ పేర్లను ఎర్ర రంగుతో రాసుకున్నాయి.

ఇశ్రాయేలీయులకు ఆ మాత్రం గౌరవం కూడా లేదు. గడ్డి ఇవ్వరు, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదు (నిర్గమ. 5వ అధ్యాయం). వారు చేసిన పచ్చి ఇటుకలు ఏనాడో మట్టిలో కలిసిపోయాయి. చూడటానికి యాత్రికులెవరూ వెళ్లరు. కానీ దేవుడు చూసింది ఆ ఇటుకల వైపే, విన్నది వారి మూలుగే. పిరమిడ్లను కూడా వారికే అంటగట్టి మనం బైబిల్‌కు కొత్తగా చేర్చగల ఘనత ఏమీ లేదు. రాళ్ల గొప్పతనం కాదు, మనుషుల కన్నీళ్లే నిర్గమకాండం కథ.

ఈ తేడా తెలుసుకోవడం పాండిత్యం కోసం కాదు. ఒడిశా నుంచి కుటుంబాలతో వలస వచ్చి, అడ్వాన్సు అప్పు తీర్చలేక తెలంగాణ ఇటుక బట్టీల్లో మగ్గేవారు ఇప్పటికీ ఉన్నారు. వెట్టిచాకిరీని దేశం 1976లోనే చట్టంతో రద్దు చేసింది. ఉప్పల్ భగాయత్‌లో లేచే అపార్టుమెంట్లకైనా, నాచారం పారిశ్రామికవాడ గోడలకైనా, మన చర్చికైనా వాడే ఇటుక ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఎప్పుడైనా అడిగామా? కూలివాని కూలి మరునాటి ఉదయం దాకా మన దగ్గర ఉండకూడదని ధర్మశాస్త్రం ఆజ్ఞ (లేవీ. 19:13). యెరూషలేము గోడ కట్టినవారి పేర్లను నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం వరుసగా రాసిపెట్టింది. మన చర్చిల శిలాఫలకాల మీద చందాలిచ్చినవారి పేర్లు, ప్రతిష్ఠ చేసిన పెద్దల పేర్లు ఉంటాయి. తాపీమేస్త్రీ పేరు, ఇటుకలు మోసిన అక్క పేరు ఎక్కడుంటాయి?

ఈ ఆదివారం పిల్లలకు నిర్గమకాండం చెప్పేటప్పుడు పిరమిడ్ బొమ్మ పక్కన పెట్టి, ఒక ఇటుకను చేతికిచ్చి చూపిద్దాం. మన ఇళ్లలో, మన మందిరాల్లో పనిచేసినవారి కూలి బాకీ ఏమైనా మిగిలి ఉంటే, మందిరంలో అడుగు పెట్టకముందే దాన్ని తీర్చేద్దాం.