ధనమును, వయస్సును

మాదాపూరులో సైబర్ టవర్సును 1998 నవంబరు 22వ తేదీన ప్రధాని వాజపేయిగారు ప్రారంభించినారు. బండరాళ్ళ నడుమ నుండిన ఆ పల్లె నేడు తెలుగునాట నెల జీతములకు రాజధానియై యున్నది. కోస్తా మండలముల రైతు కుటుంబములనుండియు, తెలంగాణపు పట్టణములనుండియు చదువుకొన్న బిడ్డలు అచ్చట చేరినారు. ధనమునెడ మనుష్యుని భావము వయస్సుతో నెట్లు మారునో చూడగోరువారికి ఇంతకన్న తగిన స్థలము లేదు.

మొదటి జీతము అందిననాడు యువకునకు ధనమనగా స్వేచ్ఛ. తండ్రిని అడిగి పుచ్చుకొన్న చేయి నేడు ఇచ్చు చేయి యైనది. ఇందు దోషమేమియు లేదు. ఉద్యోగము మారినప్పుడెల్ల ప్రావిడెంటు ఫండును తీసి ఖర్చుచేయుట మాత్రము మాకు సమ్మతము కాదు. 1952 నాటి శాసనమువలన ఏర్పడిన ఆ నిధికి ఉద్యోగి నూటికి 12 చొప్పున చెల్లింపగా యజమానియు అంతియే చెల్లించును. ఏండ్ల తరబడి వడ్డీపై వడ్డీ చేరుటలోనే దాని బలమున్నది.

ముప్పదియేండ్లు వచ్చుసరికి ఇల్లు కొనవలయునను ఆతురత పుట్టును. ఈ లెక్క చూడుడు. 50 లక్షల రూపాయలను నూటికి ఎనిమిదిన్నర వార్షిక వడ్డీపై 20 ఏండ్ల గడువునకు తీసికొన్నవాడు నెలకు సుమారు 43,400 చెల్లింపవలెను. మొదటి నెలలో 35,400 వడ్డీకే పోవును. అసలునకు ఎనిమిది వేలైనను చేరదు. గడువు తీరునాటికి చెల్లించినది కోటి నాలుగు లక్షలు. ప్రోనోటు వడ్డీయనిన తండ్రికి గుండె దడ. అదియే వాయిదా యను పేరున వచ్చుటచే కుమారునకు మర్యాదగా తోచుచున్నది. ఇక నచ్చని కొలువునైనను విడువజాలడు. 2009 జనవరి 7వ తేదీన సత్యం కంప్యూటర్సు అధిపతి లెక్కలు తారుమారు చేసితినని ఒప్పుకొన్నప్పుడు, నెల జీతమును నమ్ముకొన్న వేలకొలది కుటుంబములు దిగులుపడినవి.

తండ్రికి భూమియే ధనము. బిడ్డ చదువునకొక ఎకరము, ఫ్లాటు తొలి చెల్లింపునకు మరియొక ఎకరము అమ్మినవారు మన పాఠకులలోనే పలువురుందురు. మిగిలినదియు ఎట్లును వానిదే గదా యని బ్రతికియుండగనే దానపత్రము వ్రాసి యిచ్చుచున్నారు. అరువదియైదేండ్లు దాటినవానికి, మందులకై ఒకరి ముఖము చూడకుండుటయే ధనమువలని సుఖము. అట్టి కాలముననే చేయి ఖాళీ చేసికొనుట మాకు వింతగా నున్నది. కుమారుడు దుర్మార్గుడు కానక్కరలేదు; వాయిదాలు తీర్చిన పిమ్మట వాని చేతను మిగులునదెంత?

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ శాసనములోని 23వ సెక్షను క్రింద, పోషింపవలెనను షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినచో ట్రైబ్యునలుచే రద్దు చేయించుకొనవచ్చును. షరతు ఉన్నట్లు చూపవలసినదేయని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పినది. 2025లో మరియొక తీర్పున, వృద్ధులకు మేలు కలుగునట్లు ఈ శాసనమును ఉదారముగా అన్వయింపవలెననినది. అయినను కోర్టుల ఔదార్యమును నమ్ముకొనుటకంటె, సబ్ రిజిస్ట్రారు కచేరీలో సంతకము చేయుటకు ముందే ఆ పంక్తి పత్రమున కలదో లేదో చదివించుకొనుట సులభము. వీలునామాకు ఈ చిక్కేలేదు. వ్రాసినవారు జీవించియున్నంతకాలము దానిని మార్చుకొనవచ్చును.